కండక్టరు గౌరీశ్వరి తలగుడ్డకు అర్థ నిర్ణయం

మా ఉత్తర తీర ప్రజా రవాణా మండలిలో పనిచేసేవాళ్ళకు తలలుంటాయన్న సంగతిని కొత్త ఎం.డి. గారు వచ్చేదాకా ఎవరూ అంతగా పట్టించుకోలేదు. టైర్లు, డీజిలు, చిల్లర - మా ఆలోచనలన్నీ వీటి చుట్టూనే తిరిగేవి.

ఎం.డి. గారు మా దగ్గరికి రాకముందు ఏదో కొండ మీద పెద్ద అధికారులకు జరిగిన శిక్షణ శిబిరానికి వెళ్ళారు. అక్కడొక గురువుగారు ఆయన చేతికి గులకరాయి ఇచ్చి, దీని అర్థం తెలుసుకోండి, దీని చరిత్ర తెలుసుకోండి అన్నారట. ఆయనకు ఏం తెలిసిందో మాకు చెప్పలేదు గానీ రాయిని మాత్రం వెంట తెచ్చుకుని టేబుల్ మీద పెట్టుకున్నారు. కొద్ది రోజులకే అన్ని డిపోలకూ సర్క్యులరు వచ్చింది.

"ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయునదేమనగా, యూనిఫారములో భాగము కాని ఏ వస్తువునైనను శరీరముపై ధరించు ఉద్యోగి సదరు వస్తువు యొక్క అర్థమును, చరిత్రను లిఖితపూర్వకముగా సమర్పించవలెను. అర్థము లేని వస్తువులు తక్షణమే తొలగించబడును."

కళింగపేట డిపోలో నేను జూనియర్ అసిస్టెంటుని. వచ్చిన కాగితం చదివి వినిపించడం, పోయే కాగితం టైపు చేయడం, మీటింగుల్లో మినిట్స్ రాయడం నా పని. ఆ నెలంతా డిపోలో అర్థాల జాతర జరిగింది. ఉంగరాలకు, తాయెత్తులకు, చేతికి కట్టుకున్న ఎర్ర దారాలకు అర్థాలు రాసి రాసి నా వేళ్ళు కాయలు కాశాయి. మెకానిక్కుల్లో ఒకడు తన మొలతాడుకు మంచి అర్థం ఏదైనా చూడమని నన్ను బతిమాలాడు. మా డిపో మేనేజరు చక్రధరరావుగారు రూలంటే భయభక్తులున్న మనిషి. ముందు తన కళ్ళజోడుకే అర్థం రాసి పంపించి, అనుమతి వచ్చేదాకా దాన్ని తీసి సొరుగులో పెట్టి, ఫైళ్ళు చేత్తో తడుముకుంటూ సంతకాలు చేశారు. ఆ రోజుల్లో మా డిపోలో ఎవరు అడిగినా సెలవు దొరికింది.

డ్రైవరు పోలినాయుడు భుజం మీద తువ్వాలు వేసుకుని లోపలికి వచ్చినప్పుడు నేనక్కడే ఉన్నాను.

"ఈ తువ్వాలుకు అర్థమేమిటయ్యా?" అన్నారు మేనేజరుగారు.

"సెమటండి."

"చరిత్ర?"

"మా నాయనకీ సెమట పట్టీదండి."

మేనేజరుగారు సర్క్యులరు మళ్ళీ ఒకసారి చదివించుకున్నారు. "చెమట అర్థం కిందికి రాదు నాయుడూ. అవసరం కిందికి వస్తుంది. అవసరానికి మండలిలో ప్రస్తుతం నిబంధన లేదు" అని తువ్వాలు తీయించారు. పోలినాయుడు ఆ రోజు నుంచీ చెమటను చొక్కా చేతులతో తుడుచుకున్నాడు. చొక్కా యూనిఫారమే గనక ఎవరూ ఏమీ అనలేదు.

సరిగ్గా ఇలాంటి సమయంలో కండక్టరు గౌరీశ్వరి సెలవు ముగించుకుని డ్యూటీకి వచ్చింది, తలకు నీలం గళ్ళ రుమాలు కట్టుకుని.

ఆమె ఎందుకు కట్టుకుందో మాకు తరవాతెప్పుడో తెలిసింది గానీ, చదివేవాళ్ళకు ఇప్పుడే చెప్పేస్తాను. గౌరీశ్వరికి రొమ్ములో గడ్డ లేచింది. సొంత పనులని చెప్పి దాచుకున్న సెలవులన్నీ పెట్టుకుని విశాఖపట్నంలో ఆపరేషను చేయించుకుంది. మందులెక్కించుకుంది. జబ్బు లొంగింది. జుత్తు మాత్రం ఒక్క వెంట్రుక మిగలకుండా ఊడిపోయింది. ఈ సంగతి ఆమె భర్తకూ డాక్టర్లకూ తప్ప ఇంకెవరికీ తెలియదు. తెలియనివ్వకూడదని ఆమె పట్టుదల. ఎందుకంటే మా మండలిలో జబ్బు చేసినవాళ్ళను బస్సు మీద ఉంచరు. తేలికపాటి విధులు అనే పేరుతో టిక్కెట్ రోళ్ళ గోదాములో కూర్చోబెడతారు. దానికి కిటికీ లేదు. గుండెజబ్బు వచ్చిన కండక్టరొకాయన అందులోకి వెళ్ళి ఏళ్ళయింది. ఇంకా అక్కడే ఉన్నాడు. గౌరీశ్వరికి బస్సంటే ప్రాణం. దిబ్బలపాలెం రూట్లో ఏ స్టేజీలో ఎవరెక్కుతారో, ఎవరికి చెవుడో, ఎవరు చిల్లర లేదని అబద్ధమాడతారో ఆమెకు కంఠతా వచ్చు. ఆ మనుషులు తనను చూసి అయ్యో పాపం అనడం ఆమె ఊహించుకోలేకపోయింది. "టిక్కెట్టిచ్చినప్పుడల్లా చిల్లరతో పాటు జాలి కూడా తీసుకోవాలి. నావల్ల కాదు" అని భర్తతో అన్నదట.

మాది దిబ్బలపాలెం దారిలోనే. రోజూ ఆమె బస్సులోనే ఇంటికి వెళ్తాను. మొదటి రోజు ఆమె తలను చూసి బస్సంతా గుసగుసలాడింది. మొక్కు తీర్చుకుందన్నారు కొందరు. ఒకావిడ చెయ్యి చాపి ప్రసాదం అడిగింది. మతం మారిందని వెనక సీట్లో తీర్మానించారు. కాలేజీ పిల్లలు ఇదేదో కొత్త ఫ్యాషనని సంబరపడ్డారు. గౌరీశ్వరి మాత్రం "ముందుకి జరగండి, లోపలంతా ఖాళీయే" అంటూ టిక్కెట్లు కొట్టుకుంటూ వెళ్ళిపోయింది.

మర్నాడు మేనేజరుగారు పిలిపించారు.

"ఏమ్మా గౌరీశ్వరీ, ఈ రుమాలుకు అర్థం రాసివ్వలేదేమిటి?"

"ఏటి రాయాలండీ?"

"మొక్కు అయితే మొక్కని రాయి. కానీ మొక్కుకోకముందే పై అధికారి అనుమతి తీసుకుని ఉండాలి. అనుమతి లేని మొక్కు చెల్లదు."

"దేవుడి పేరు చెప్పి అబద్ధమాడలేనండి. మొక్కు కాదు."

"సంతాపమా?"

"అందరూ బాగానే ఉన్నారండి."

"పోనీ, వైద్యమా?"

గౌరీశ్వరి కాస్త తడబడింది. "వైద్యమైతే ఏటవుద్దండీ?"

"దానికేముంది, సుఖం. గోదాములో తేలికపాటి విధులు. మెడికల్ బోర్డు కూర్చునేదాకా కదలక్కర్లేదు. బోర్డు ఎప్పుడు కూర్చుంటుందని అడక్కు. కుర్చీలు ఇంకా మంజూరు కాలేదు."

"అయితే వైద్యం కాదండి" అంది గౌరీశ్వరి వెంటనే.

"మరేమిటమ్మా?"

"రేపు చెప్తాను సార్" అని బయటికి వచ్చేసింది.

బయట పోలినాయుడు బస్సు అద్దం తుడుస్తున్నాడు. ఆ బస్సుకి అతను డ్రైవరు, ఈమె కండక్టరు. ఆమె ముఖం చూసి దగ్గరకొచ్చాడు.

"ఏటన్నాడు సెల్లెమ్మా?"

"అర్థం కావాలట అన్నయ్యా."

"నా తువ్వాలు అలగే పోనాది. నిజం సెప్పీసినాను, అదీ నాను సేసిన తప్పు. నువ్వు సంప్రదాయం అని సెప్పు. ఆ మాటంటే ఆళ్ళకి బయ్యం. మీ ఇళ్ళల్లో ముసలోళ్ళెవులూ తలకి గుడ్డ కట్టలేదేటి?"

గౌరీశ్వరికి అమ్మమ్మ గుర్తొచ్చింది. ఉప్పుకొఠారులో కూలికి పోయేటప్పుడు, ఎండకు ఉప్పు తెల్లగా మెరిసి కళ్ళు చెదురుతుంటే, తలకు పాతగుడ్డ ఒకటి బిగించి నుదుటి మీదికి లాక్కునేది. "కట్టేది మా అమ్మమ్మ" అంది.

"అదే రాసీ."

రాసింది. కాదు, నేనే టైపు చేశాను. "మా అమ్మమ్మ కట్టేది" అన్న మూడు మాటల్నీ చక్రధరరావుగారు "వంశపారంపర్యముగా సంక్రమించిన శిరోవస్త్ర ధారణ" అని మార్చి ప్రధాన కార్యాలయానికి పంపించారు. అక్కడితో అయిపోతుందనుకున్నాం. కానీ అక్కడ ఎం.డి. గారు ఆ కాగితాన్ని గులకరాయి పక్కన పెట్టుకుని చాలాసేపు చూశారట. మండలి పరిధిలో మొట్టమొదటిసారి ఒక నిజమైన అర్థం దొరికిందని ఆయనకు నమ్మకం కుదిరింది. వెంటనే శిరోవస్త్ర అర్థ నిర్ణయ సంఘాన్ని వేశారు.

సంఘం మా డిపోకే వచ్చి కూర్చుంది. చరిత్ర నిపుణులు ఆచార్య కీర్తివర్ధనంగారు అధ్యక్షులు. ప్రధాన కార్యాలయం నుంచి పరిపాలనాధికారి, న్యాయ సలహాదారు సభ్యులు. జీడిపప్పు, టీ మా డిపో తరఫున. మినిట్స్ నేను.

కీర్తివర్ధనంగారు గొంతు సవరించుకున్నారు. "రుమాలు అన్నది పారశీక పదం. రూ అంటే ముఖం. మాల్ అంటే తుడిచేది. అంటే పుట్టుకతో దీని వృత్తి ముఖం తుడవడం. చేతిలోనో జేబులోనో ఉండవలసిన ఈ వస్తువు తల మీదికి చేరింది. ఇది నాగరికతలోనే గొప్ప ఎదుగుదల."

పరిపాలనాధికారి ఉలిక్కిపడ్డారు. "ఎదుగుదల అంటే ప్రమోషనేనా? ఎవరు ఆమోదించారు? సీనియారిటీ చూశారా? తువ్వాలు ఉంది, కండువా ఉంది. తలపాగా ఎప్పట్నుంచో ఆ పోస్టులోనే ఉంది. వాళ్ళందరినీ దాటించి నిన్నగాక మొన్నటి రుమాలును ఏకంగా తల మీద కూర్చోబెడితే రేపు సాక్సు కూడా దరఖాస్తు పెట్టుకుంటుంది."

"నా మనవి కూడా వినండి" అన్నారు న్యాయ సలహాదారు. "మనం కర్చీఫు అంటామే, ఆ మాటకు ఫ్రెంచి మూలంలో అర్థమే తలను కప్పేదని. మొదట అది తల మీదే ఉండేది. తరవాత దాన్ని చేతిలోకి, చేతిలోంచి జేబులోకి దించేశారు. కాబట్టి ఇది ప్రమోషను కాదు. అన్యాయంగా దింపేసిన ఉద్యోగిని మళ్ళీ పూర్వపు స్థానంలో నియమించడం."

"అలాగైతే మధ్యకాలానికి సర్వీసు కూడా కలపాలా?" అని పరిపాలనాధికారి నీరసపడ్డారు.

"అంతకంటే చిక్కు ఇంకొకటుంది" అని న్యాయ సలహాదారు ముందుకు వంగారు. "మన బస్సుల్లో అనాదిగా ఒక ఆచారం ఉంది. కిటికీలోంచి విసిరిన కర్చీఫు ఏ సీటు మీద పడితే ఆ సీటు కర్చీఫు యజమానిది. కాదన్నవాళ్ళు లేరు. ఇప్పుడీ ఉద్యోగిని కర్చీఫును తన తల మీద వేసుకుంది. అంటే ఆ తల తనదని ప్రకటిస్తున్నట్టా? డ్యూటీ వేళల్లో కండక్టరు తల మండలిదా, కండక్టరుదా?"

ఆ ప్రశ్న మీద అందరూ టీ తాగారు. తరవాత గౌరీశ్వరిని లోపలికి పిలిచారు.

కీర్తివర్ధనంగారు ఆమె చుట్టూ తిరిగి రుమాలును పరీక్షగా చూశారు. "ముడి మెడ వెనక ఉంది. శ్రామిక లక్షణం. గళ్ళు ఉన్నాయి. గళ్ళంటే పొలాలకు సంకేతమా, ఉప్పుమడులకా?"

"సంతలో అవే ఉన్నాయండి" అంది గౌరీశ్వరి.

"ఉప్పుమడులకు" అని నాకు చెప్పారు. రాసుకున్నాను.

"ఇప్పుడు కట్టే విధానాన్ని నమోదు చేయాలి. ఒకసారి తీసి, మా ముందు మళ్ళీ కట్టి చూపించమ్మా."

గౌరీశ్వరి చెయ్యి తనంతట తానే పైకి వెళ్ళి మెడ వెనక ముడిని గట్టిగా పట్టుకుంది. "తియ్యనండి."

"సంఘం ఆదేశిస్తోంది."

"తియ్యనండి. మా అమ్మమ్మ కూడా పరాయి మగాళ్ళ ముందు తీసేది కాదు." అమ్మమ్మ సంగతి నిజమో కాదో ఆమెకే తెలియదు. నోటికొచ్చింది అనేసింది.

కీర్తివర్ధనంగారు కళ్ళు మూసుకున్నారు. తెరిచేసరికి అవి తడిగా ఉన్నాయి. "నిషేధం! విన్నారా, నిషేధం! తీయకూడని వస్త్రం! ఇన్నాళ్ళ నా పరిశోధనలో సజీవ నిషేధాన్ని ఎదురుగా చూడటం ఇదే మొదలు. అమ్మా, నీ చేతులు వణుకుతున్నాయి. అది నీ వణుకు కాదు. తరతరాల వణుకు."

గౌరీశ్వరి బయటికొచ్చి మంచినీళ్ళ కుండ దగ్గర చాలాసేపు నిలబడింది. నేను గ్లాసు అందిస్తే తీసుకుంది గానీ తాగలేదు.

నివేదిక పుస్తకమంత లావు వచ్చింది. ఉప్పుకొఠారుల స్త్రీల శిరోవస్త్రం తీర ప్రాంత ఆత్మగౌరవానికి ప్రతీక అని, దాన్ని బహిరంగంగా తొలగించడం మహాపరాధమని అందులో తేలింది. ఎం.డి. గారు దాన్ని చదివి, ఇంత అర్థం ఒక్క తల మీదే ఉండిపోవడం మండలికి నష్టమని భావించారు. మహిళా కండక్టర్లందరూ నీలం గళ్ళ రుమాలు కట్టుకోవాలని ఉత్తర్వు వచ్చింది. ఆత్మగౌరవం ఆడవాళ్ళకేనా అని యూనియను నిలదీయడంతో మగవాళ్ళకూ వర్తింపజేశారు. డ్యూటీలో తీయకూడదు, సడలించకూడదు, దాంతో ముఖం తుడుచుకోకూడదు.

మా చక్రధరరావుగారు బట్టతల మనిషి. ముడి నిలిచేది కాదు. జారి కళ్ళ మీదికొచ్చేది. రుమాలు పైకి జరపడం తొలగించడం కిందికి వస్తుందేమోనన్న భయంతో ఆయన తలెత్తి, ముక్కు కిందినుంచి మమ్మల్ని చూసేవారు. డిపో ఆవరణలో మండలి వ్యవస్థాపకుడి విగ్రహం ఉంది. ఆయనకూ కట్టారు. ఆ తరవాత ఎవరికో బస్సుకు కూడా తల ఉంటుందన్న ఆలోచన వచ్చింది. అద్దం పైన ఊరి పేరు రాసే బోర్డే బస్సు నుదురని ఇంజనీర్లు నిర్ధారించారు. ప్రతి బస్సు నుదుటికీ రుమాలు కట్టారు. ఊరి పేరు కనపడక పలాస వెళ్ళవలసినవాళ్ళు పాలకొండలో దిగారు. ఒక మగపెళ్ళివారి బృందం వేరే ఊళ్ళో వేరే పెళ్ళికి వెళ్ళి, భోంచేసి, కట్నాలు చదివించి వచ్చింది. వంటలు అక్కడే బాగున్నాయని తరవాత చెప్పారు.

ఇక సీట్ల మీద కర్చీఫు వేయడం శిరోవస్త్రానికి అవమానమని నిషేధించారు. జనం ఏం చేస్తారు? కిటికీల్లోంచి చెప్పులు వేశారు, గుమ్మడికాయలు వేశారు. ఎండుచేపలమ్మే చిన్నమ్మలు అనే ఆవిడ గంపనే తోసేసింది. ఒకాయన తన మామగారిని ఎత్తి కిటికీలోంచి లోపలికి పంపిస్తుంటే నేను కళ్ళారా చూశాను.

ఈ హడావుడంతా జరుగుతుండగా గౌరీశ్వరి తల మీద, రుమాలు కింద, జుత్తు మొలవడం మొదలుపెట్టింది. ముందు నూగు. తరవాత మెత్తగా, వేలికి అందేటంత. ఆమె రాత్రులు దాన్ని తడుముకుని నవ్వుకునేదట. డాక్టర్లు పరీక్షలు చేసి ఇక భయం లేదన్నారు. మెల్లగా రుమాలు మానేసి, ఎవరైనా అడిగితే జుత్తు కత్తిరించుకున్నానని చెప్పొచ్చు అనుకుంది. అంతలోకే తీయడం నేరమైపోయింది.

భాద్రపదంలో ఎండలు మళ్ళీ మండాయి. కొత్తగా చేరిన కండక్టరు పిల్ల వసుంధరకు రుమాలు కింద చెమట నిలిచి తలంతా సెగ్గడ్డలు లేచాయి. ఒకరోజు డిపోలో బెంచీ మీద కూర్చుని ఏడుస్తుంటే గౌరీశ్వరి దగ్గరికెళ్ళి చూసింది. గుడ్డకు చీము అంటుకుని ఉంది.

"తీసీవే. ఎవడు చూస్తాడో నేను చూసుకుంటాను."

"తీస్తే మెమో ఇస్తారక్కా. అయినా మీ వంశాచారం అంట కదా. మీ దయవల్లే కదా ఇదంతా" అంది వసుంధర. కోపంగా కూడా అనలేదు. అలసిపోయి అంది.

ఆ మాట గౌరీశ్వరికి ఎక్కడో తగిలింది. ఆ రోజు బస్సులో టిక్కెట్లు కొట్టడం మరచిపోయి రెండు స్టేజీలు కిటికీలోంచి చూస్తూ నిలబడింది. ఆమె ఉద్యోగంలో అలా ఎప్పుడూ జరగలేదు.

ఆ నెలాఖరున శిరోవస్త్ర దినోత్సవం. టౌనుహాలు నిండిపోయింది, బయట బస్సులన్నీ నుదుటికి గుడ్డలతో వరసగా నిలబడ్డాయి. వేదిక మీద ఎం.డి. గారు, కీర్తివర్ధనంగారు, మధ్యలో గౌరీశ్వరి. మూల వ్యక్తి అని ఆమెకు బిరుదు. ఎం.డి. గారు గులకరాయితో మొదలుపెట్టి గంటసేపు మాట్లాడారు. "చివరగా ఈ మహత్తర వస్త్రం అర్థమేమిటో ఆ తల్లి నోటనే విందాం" అని మైకు ఆమె ముందుకు జరిపారు.

గౌరీశ్వరి లేచింది. రెండు చేతులూ వెనక్కి పోనిచ్చి ముడి విప్పింది. రుమాలు తీసి, మడతపెట్టి, టేబుల్ మీద పెట్టింది. గోరంత పొడుగు జుత్తు, అక్కడక్కడా తెలుపు. హాల్లో ఎవరో అమ్మో అన్నారు.

"నాకు కేన్సరొచ్చిందండి" అంది. "మందులకి జుత్తు ఊడిపోయింది. నలుగురిలో తిరగడానికి సిగ్గేసి గుడ్డ కట్టుకున్నాను. చెబితే బస్సు దింపేసి గోదాములో పడేస్తారని చెప్పలేదు. ఇప్పుడు తగ్గింది, జుత్తొచ్చింది. తీసేశాను. దీనికింకేం అర్థం లేదండి. ఈ పిల్లల తలలు పుండ్లయిపోతున్నాయి, వాళ్ళనీ తీసెయ్యనివ్వండి."

కూర్చుంది. మొదటి వరసలో వసుంధర తల మీది గుడ్డ లాగేసి ముఖం కప్పుకుంది. పోలినాయుడు లేచి నిలబడి, ఎందుకు నిలబడ్డాడో తెలియనట్టు అటూ ఇటూ చూసి, అలాగే నిలబడిపోయాడు.

ఎం.డి. గారు కీర్తివర్ధనంగారి చెవిలో ఏదో అడిగారు. కీర్తివర్ధనంగారు పెద్దగానే జవాబిచ్చారు. "చరిత్ర విషయంలో ఉద్యోగిని సాక్ష్యం పనికిరాదు. ఆమె లోపల ఉంది. చరిత్రను బయటి నుంచి చూడాలి." పరిపాలనాధికారి నా దగ్గరికొచ్చి, మైకు పనిచేయలేదని మినిట్స్‌లో రాయమన్నారు. "మైకు పనిచేయలేదు. అయినను అందరికీ వినపడినది" అని రాశాను. ఆయన మొదటి వాక్యం చదివి సంతకం పెట్టారు.

మర్నాడే ఉత్తర్వు వచ్చింది. జబ్బును దాచినందుకు గౌరీశ్వరిని తక్షణం గోదాముకు పంపించాలి. ఆమె వచ్చి మేనేజరుగారి ముందు నిలబడింది. టిక్కెట్ మిషను టేబుల్ మీద పెట్టింది. చక్రధరరావుగారు దాన్ని చూశారు, ఆమె తల చూశారు, తన కళ్ళ మీదికి జారిన రుమాలును మొట్టమొదటిసారి చేత్తో పైకి తోశారు.

"నువ్వు అసలు గట్టిదానివమ్మా" అన్నారు. "మా పెద్దక్కకీ ఇదే జబ్బు. తను చెప్పలేదు, మేం అడగలేదు." నావైపు తిరిగారు. "టైపు చెయ్యి."

ఆయన చెబుతుంటే నేను కొట్టిన నోటు ఇది. "సదరు వస్త్రము సంప్రదాయమని సంఘము నిర్ణయించియున్నది. అది వైద్య కారణమని అంగీకరించినచో సంఘము పొరపాటు పడినట్లగును. సంఘము పొరపాటు పడుటకు నిబంధనలు అనుమతించవు. కావున ఉద్యోగినికి జబ్బు రాలేదు. రాని జబ్బును దాచుట అసాధ్యము. అదియునుగాక, తీయరాని వస్త్రమును మూల వ్యక్తియే తీసివేసినందున సదరు సంప్రదాయము ముగిసినట్లు భావించవలెను. ముగిసిన సంప్రదాయములు తలల మీద కాక మ్యూజియములో ఉండుట సముచితము."

"సార్, ఇది వెళ్తుందంటారా?" అన్నాను.

"వాళ్ళ భాషే కదయ్యా. వెళ్తుంది."

వెళ్ళింది. ఎం.డి. గారికి మ్యూజియమన్న మాట ఎంతో నచ్చింది. అన్ని డిపోల నుంచీ రుమాళ్ళు, బస్సుల నుదుటి గుడ్డలు, విగ్రహానికి కట్టినదీ సేకరించి ఒకచోట ప్రదర్శించాలని ఆదేశించారు. చోటెక్కడ? టిక్కెట్ రోళ్ళ గోదాము తప్ప మా డిపోలో ఖాళీ గది లేదు. రోళ్ళు బయటికి మోశారు. గోడ కొట్టి కిటికీ పెట్టించారు, రుమాళ్ళకు గాలి తగలాలని. గుండెజబ్బు కండక్టరుగారు దానికి గైడయ్యారు. చూడటానికి ఎవరూ రారు. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని పేపరు చదువుకుంటారు, ముఖం కాస్త తేటపడింది. గోదామే లేకపోయాక గౌరీశ్వరిని ఎక్కడికి పంపిస్తారు? ఆమె టిక్కెట్ మిషను మళ్ళీ మెడలో వేసుకుంది.

ఆమె మళ్ళీ డ్యూటీ ఎక్కిన రోజు సాయంత్రం నేను ఎప్పటిలాగే దిబ్బలపాలెం బస్సెక్కాను. గౌరీశ్వరి తల మీద ఏమీ లేదు. టౌనుహాలు సంగతి ఊళ్ళకు చేరిపోయిందేమో, ఎక్కినవాళ్ళెక్కినట్టు ఆమెను చూసి, చూపులు దించుకుని, డబ్బులు చేతిలో పెట్టి తప్పుకుంటున్నారు. ఆమె భయపడ్డది ఇదే. ముఖం బిగబట్టుకుని టిక్కెట్లు కొడుతోంది.

ఎండుచేపల చిన్నమ్మలు గంప పక్కన పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. ఆవిడ వేరే బస్సుల్లో ఏం విన్నదో ఏమో, గౌరీశ్వరి దగ్గరికొచ్చేసరికి తలెత్తి తిన్నగా చూసింది.

"ఏటే గౌరీ, జబ్బు సేసిందంట?"

ముందు సీట్లవాళ్ళు మెడలు తిప్పారు.

"చేసింది పిన్నీ."

"ఎక్కడ?"

గౌరీశ్వరి చేత్తో చూపించింది.

"కోసీసినారా?"

"కోసేశారు."

"మరిప్పుడో?"

"ఇప్పుడు బాగానే ఉంది."

చిన్నమ్మలు ఆ జుత్తును కాసేపు పరీక్షగా చూసింది. చేపల చెయ్యి చీరకు తుడుచుకుని, లేచి, ఆ తల మీద అరచేత్తో ఒకసారి నిమిరింది. "పిల్లజుత్తులాగ మెత్తగుంది. ఇదే బాగుంది నీకు." అని గంపను కాళ్ళ దగ్గరికి లాక్కుని సీట్లో జరిగింది. "ఉదయం నుంచీ నిలబడే ఉంటావు. కూకో."

మా మండలిలో కండక్టర్లు రద్దీ వేళ కూర్చోకూడదు. గౌరీశ్వరి నావైపు చూసింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఆమె కూర్చుంది. బిగబట్టుకున్న ముఖం కాసేపటికి వదిలింది. కళ్ళు తుడుచుకుంది, చేత్తోనే. సముద్రం వైపు నుంచి గాలి కొట్టి ఆ కొంచెం జుత్తునూ లేపింది. వెనక నుంచి ఎవరో టిక్కెట్ అని కేక వేశారు.

"వస్తున్నానుండండి" అంది గౌరీశ్వరి, లేవకుండానే.